బొట్టు పెట్టకూడని బటన్

దసరా నాడు ఉదయం తొమ్మిదింటికి వరహాలక్ష్మి కొత్త కారు గుడికని ఇంటి ముందు నుంచి బయల్దేరి, రెండు వందల గజాలు వెళ్ళి, ఆటో స్టాండు మలుపులో తనంతట తాను వెనక్కి తిరిగి, ఇంటి వైపు ముఖం పెట్టి ఆగింది. కారులో నలుగురున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. టీకొట్టు ముందున్న ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాని కాలు విరిగింది. కారు వెనక చక్రం ఒకటి కాలవలోకి దిగింది. వెనక సీట్లో కూర్చున్న అత్తగారు నరసమ్మగారు కిటికీలోంచి బయటికి చూసి, "అప్పుడే దర్శనం అయిపోయిందేటే?" అని అడిగారు.

కారణాలు పైకి చాలానే కనిపించాయి. తెల్లవారుజామున జల్లు పడింది. ఆటోవాళ్ళు ఆ సంవత్సరం ఎవరి బండికీ ఏ ప్రమాదమూ జరగకూడదని, ఆ మలుపులోనే, రోడ్డు మధ్యన, పదకొండు బూడిద గుమ్మడికాయలు పగలగొట్టారు. తడిసిన తారురోడ్డు మీద గుమ్మడి గుజ్జు, గింజలు, కుంకం నీళ్ళు. సరిగ్గా అక్కడే ఆ గుజ్జు తినడానికి ఒక మేక రోడ్డెక్కింది. వరహాలక్ష్మి మేకను తప్పించబోయి స్టీరింగు తిప్పింది, బ్రేకు తొక్కింది. మేక గుమ్మడి ముక్క వదల్లేదు. కారే అన్నీ వదిలేసింది.

కొత్త చొక్కాలు వేసుకున్న ఆటోవాళ్ళు ఏడుగురు చేరి కారును కాలవలోంచి ఎత్తిపెట్టారు. కారు ముందున్న బంతిపూల దండ చెక్కు చెదరలేదు. అందరికీ అదే పెద్ద ఊరట.

వరహాలక్ష్మికి యాభై ఒకటి. చోడవరం గ్రంథాలయంలో లైబ్రేరియన్. అంతకు ముందు తొమ్మిదేళ్ళు కె.కోటపాడులో పనిచేసింది. ఆ తొమ్మిదేళ్ళూ బస్సు ఎక్కడమే తప్ప బస్సులో కూర్చున్నది తక్కువ. పై కమ్మీ పట్టుకుని, ఎవరి చెరకు గెడో వీపులో గుచ్చుకుంటుంటే, "ఎప్పటికైనా నా స్టీరింగు నేను పట్టుకుంటాను" అని రోజూ అనుకునేది. అనుకున్నట్టే, మనవల్ని ఎత్తుకునే వయసులో, ఉదయం ఆరింటికి, తన కొడుకు వయసు కుర్రాళ్ళతో పాటు డ్రైవింగు స్కూలుకు వెళ్ళి నేర్చుకుంది. చోడవరంలో సగం మంది పళ్ళు తోముకుంటూ గుమ్మాల్లో నిలబడి ఆ పాఠాలు చూశారు. లైసెన్సు వచ్చింది. కారు వచ్చింది. అది ఇంటికొచ్చిన పద్దెనిమిదో రోజే ఈ దసరా.

ఆ మధ్యాహ్నం పులిహోర తింటూ ఇంట్లో సభ జరిగింది. భర్త లక్ష్మీనరసింహంగారు తాలూకాఫీసులో రిటైరైన మనిషి, జన్మలో సైకిలు కూడా తొక్కనివాడు. అందుకని అధ్యక్షత మరిది సాయిరాం వహించాడు. సాయిరాం కరెంటాఫీసులో పనిచేస్తాడు, ఇరవై ఏళ్ళుగా ఆఫీసు జీపు నడుపుతున్నాడు, ఆ సంగతి ఎవరైనా మరిచిపోతే గుర్తుచేస్తాడు.

"వదినా, నువ్వేటీ అనుకోకు. నీకు బండి మీద కంట్రోలు లేదు" అన్నాడు.

"మేక అడ్డం వచ్చింది సాయిరాం."

"మేకలు నాకూ వస్తాయి. నా జీపు ఎప్పుడైనా వెనక్కి తిరిగిందా?"

"నీ జీపు ముందుకే వెళ్ళదు కదరా" అన్నారు నరసమ్మగారు. ఆవిడ ఎవరి పక్షమూ కాదు. మాట దొరికితే అనేస్తారంతే.

"అమ్మా, నువ్వుండు. అన్నయ్యా, నువ్వు చెప్పు."

లక్ష్మీనరసింహంగారు చెప్పడానికి నోరు తెరిచి, భార్య ముఖం చూసి, ఆ నోట్లో పులిహోర పెట్టుకున్నారు.

చివరికి తీర్మానం అయింది. వానలు తగ్గేదాకా తాళం సాయిరాం దగ్గర ఉంటుంది. ఎక్కడికి వెళ్ళాలన్నా అతనే తీసుకెళ్తాడు. వరహాలక్ష్మి గొడవపడలేదు. తాళం తీసి బల్ల మీద పెట్టింది. పెట్టాక చేతికి ఏం తోచక, పులిహోరలో వేరుశనగపప్పులు ఏరి ఒక పక్కన పెట్టింది. తన జీతంతో, తన పేరు మీద కొనుక్కున్న కారు. ఈ మాట ఆవిడ పైకి అనలేదు గానీ, ఆ వేరుశనగపప్పులు మాత్రం తినలేదు.

వరహాలక్ష్మికి ఒక అలవాటుంది. అచ్చయిన కాగితం ఏది దొరికినా చదవకుండా పారెయ్యదు. పకోడీల పొట్లం నూనె ఓడుతున్నా మడత విప్పి, నాలుగు నెలల కిందటి వార్త చివరిదాకా చదువుతుంది. అలాంటి మనిషి, కారుతో పాటు ఇచ్చిన పుస్తకాన్ని పద్దెనిమిది రోజులపాటు ప్లాస్టిక్ కవరు విప్పకుండా వదిలేసింది. ఆ సిగ్గు ఆవిడను దసరా రాత్రి తొలిచేసింది. మర్నాడు కారులోంచి ఆ పుస్తకం తీస్తుంటే సాయిరాం నవ్వాడు.

"కారు నడపడానికి పుస్తకమేటొదినా? అన్నం తినడానికి వంటల పుస్తకం చదువుతామా?"

"వండే వాళ్ళు చదువుతారు" అంది వరహాలక్ష్మి.

పుస్తకానికి అట్ట వేసింది. లైబ్రరీలో మధ్యాహ్నం జనం పల్చబడ్డాక, రోజుకు ఇరవై పేజీల చొప్పున చదివింది. రోజూ పేపరు చదవడానికి వచ్చే సత్యారావు అది గమనించాడు. సత్యారావుది రోలుగుంట దగ్గర చెరకు, వరి వ్యవసాయం. చోడవరంలో పనున్నా లేకపోయినా లైబ్రరీకి వచ్చి ఫ్యాను కింద కూర్చుంటాడు.

"ఏ నవలండి అమ్మగారూ, అలాగ మునిగిపోనారు?"

"ఆఖరిదాకా ఎవరు మిగుల్తారో తెలీని నవల సత్యారావుగారూ."

నవల ఐదో రోజున రంజుకొచ్చింది. ఆ పేజీలో ఒక కారు బొమ్మ, దాని వెనక రెండు వంకర గీతలు. ఆ బొమ్మ తన కారులో స్టీరింగు ఎడంపక్క ఒక బటన్ మీద ఉంది, ఎదురుగా వేగం చూపే అంకెల పలక మీద పసుపు దీపంగానూ ఉంది. అదేమిటో ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీదు. వరహాలక్ష్మి ఆ ఆరు పేజీలూ మూడుసార్లు చదివింది. ఒక విషయం తనకు అర్థమైందో లేదో తేలాలంటే ఇంకొకరికి చెప్పి చూడాలి. ఎదురుగా సత్యారావే ఉన్నాడు.

"చక్రం జారి ఊరికే తిరిగిపోతుంటే, కారు తనే కనిపెట్టి ఆ చక్రానికి బ్రేకు వేస్తుందట, ఇంజను జోరు తగ్గిస్తుందట. అది ట్రాక్షన్ కంట్రోలు. ఇంకోటి స్టెబిలిటీ కంట్రోలు. మనం స్టీరింగు ఒక పక్కకి తిప్పితే బండి ఇంకో పక్కకి జారిపోతుందనుకోండి, నాలుగు చక్రాల్లో ఏది పట్టుకుంటే బండి దారికొస్తుందో ఆ ఒక్కదాన్నే పట్టుకుంటుంది."

సత్యారావు పేపరు మడిచి ఆలోచించాడు. "అంటే, జోడెడ్లలో ఒకెద్దు బెదిరిపోయి బండిని పక్కకి లాగీసిందనుకోండి. రెండో పగ్గం కాదు, దాని పగ్గమే బిగించాల. అదేనా?"

"అదే! పుస్తకంలో ఆరు పేజీలు రాశారండీ ఈ మాట."

"మరి దానికి బటనెందుకండి? పగ్గం ఎప్పుడూ సేతిలో ఉండాల గదా?"

"ఎప్పుడూ ఉంచమనే చెప్పారు. వానైనా, మలుపైనా, మంచి రోడ్డైనా సరే. బురదలోనో ఇసకలోనో దిగబడినప్పుడు మాత్రం ఆపుకోవచ్చట. మంచుగడ్డలున్న చోట కూడానట. అది మనకక్కర్లేదనుకోండి."

"ఆఁ, అది నిజిం" అన్నాడు సత్యారావు, కుర్చీలో ముందుకు జరిగి. "దిగబడిన బండికి పగ్గం బిగిస్తే ఎద్దు కూలబడిపోద్ది. పగ్గం వదిలీయాల. అలాగని కర్రుచ్చుకుని బాదీకూడదు. తోక మీద సెయ్యేసి, మెల్లగా, 'హా' అనాల."

వరహాలక్ష్మి పుస్తకంలో చివరి వాక్యం చూసుకుంది. యాక్సిలరేటరు మెల్లగా నొక్కండి, గట్టి నేల రాగానే మళ్ళీ ఆన్ చేయండి అని ఉంది. సత్యారావు పుస్తకం చూడకుండానే అక్కడిదాకా వచ్చాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సాయిరాంని అడిగి తాళం తీసుకుంది. "కదపనులే, కూర్చుంటానంతే" అంది. షెడ్డులో ఉన్న కారులో కూర్చుని, ఇంజను వేసి, ఆ బటన్ దగ్గరికి వంగి చూసింది. బటన్ చుట్టూ ఉన్న సన్నని గాడిలో ఎండిపోయిన పసుపు. మిగతా బటన్ల కంటే ఎక్కువ పసుపు. కాసేపు నొక్కి పట్టుకుంది. ఎదురుగా పలక మీద పసుపు దీపం వెలిగి, 'ఆఫ్' అన్న అక్షరాలు వచ్చాయి.

అప్పుడు దసరా ఉదయం మొత్తం కళ్ళముందుకొచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంజను వేసి ఉంచి, తను కొబ్బరికాయ కోసం లోపలికి వెళ్ళింది. అత్తగారు పసుపు గిన్నె పట్టుకుని డ్రైవరు సీటులో కూర్చున్నారు. ఆవిడ బొట్టు పెడితే గ్రైండరుకైనా, ఫ్రిజ్జుకైనా పైపైన పెట్టరు. బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని, "తండ్రీ, అప్పన్నా, సల్లగా చూడు" అని మూడుసార్లు అనుకున్నాకే వేలు తీస్తారు. ఒక్క బటన్ కూడా చిన్నబుచ్చుకోకూడదని అన్నిటికీ అలాగే పెట్టారు. ఇంజను ఆపి మళ్ళీ వేసి ఉంటే ఆ బటన్ దానంతటదే ఆన్ అయ్యేది, కానీ ఇంజను ఆపకుండా అదే ఊపున అందరూ ఎక్కేశారు. కారు తన పగ్గాలు ఇంటి దగ్గరే వదిలేసి బయల్దేరింది.

పసుపు దీపం అప్పుడూ వెలుగుతూనే ఉండి ఉంటుంది. స్టీరింగుకు చుట్టిన చిన్న బంతిపూల దండ అడ్డమై పలకే కనబడలేదు.

వరహాలక్ష్మి ఇంజను ఆపింది. ఈ మాట లోపలికి వెళ్ళి చెబితే తాళం ఇప్పుడే తన చేతికొస్తుంది. కానీ రేపటినుంచి సాయిరాం తన మీద చేసే ఎకసెక్కాలన్నీ ఎనభై ఏళ్ళ ఆవిడ మీదికి పోతాయి. ఇంక ఆవిడ గ్రైండరుకు బొట్టు పెట్టాలన్నా చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. అగ్గిపుల్ల తీసుకుని, గాడిలో పసుపంతా శుభ్రంగా గీకేసి, తాళం మరిదికి తిరిగి ఇచ్చేసింది.

కార్తీకమాసం వచ్చింది. వానలు తగ్గలేదు. తాళమూ రాలేదు. సాయిరాం ఆ కారులో తిరుగుతూ కొత్త ఫిర్యాదు ఒకటి మొదలెట్టాడు. తడి రోడ్డు మీద జోరుగా మలుపు తిప్పితే పలక మీద ఏదో పసుపు దీపం మినుకుమంటోందట. వరహాలక్ష్మి చెప్పబోయింది. "అది మినుకుమంటే పని చేస్తున్నట్టు సాయిరాం. నువ్వు జోరు తగ్గించాలని."

"ఇరవై ఏళ్ళ సర్వీసొదినా" అని, అతను ఆ దీపం మీద సింహాద్రి అప్పన్న స్టిక్కరు ఒకటి అంటించాడు. సమస్య తీరిపోయిందన్నాడు.

సత్యారావు తన తోటలో వనభోజనాలకు రమ్మని పిలిచాడు. ఆదివారం అందరూ వెళ్ళారు. రోడ్డు దిగాక తోటలోకి మూడు వందల గజాలు మట్టిబాట. "బండి రోడ్డు మీదే ఉంచీయండి బాబూ, మబ్బు కమ్మతన్నాది" అన్నాడు సత్యారావు. సాయిరాం వినకుండా ఉసిరిచెట్టు దాకా తీసుకెళ్ళి నీడలో పెట్టాడు. అతనా రోజు కొత్త తెల్ల పంచె కట్టాడు. నడవడం ఇష్టం లేకపోయింది.

సాంబారు వడ్డిస్తుండగా వాన మొదలై, పెరుగు దగ్గర జోరందుకుంది. గంట తరవాత వెలిసింది. బాట మొత్తం పనసపండు లోపలలా తయారైంది.

సాయిరాం కారెక్కి ఇంజను వేశాడు. నరసమ్మగారు అప్పటికే ముందు సీట్లో కూర్చున్నారు. కారు పది గజాలు వెళ్ళి ఆగిపోయింది. సాయిరాం యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను గుర్రుమని, అంతలోనే నోరు మూసేసినట్టు ఆగింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అదే. పలక మీద స్టిక్కరు వెనకనుంచి పసుపు వెలుగు మినుకుమినుకుమంది.

"ఒరే, స్వామి వెలుగుతున్నాడ్రా!" అని నరసమ్మగారు రెండు చేతులూ జోడించారు.

"ఇది డిఫెక్టు బండి! తొక్కుతుంటే ఇంజనే చచ్చిపోతోంది" అన్నాడు సాయిరాం. దిగి చూస్తే ముందు చక్రాలు సగం దిగాయి. "సత్యారావూ, నీ ట్రాక్టరు కట్టు."

"ట్రాక్టరు వడ్డాదిలో రిపేరుకిచ్చేసినాను బాబూ. బుధవారం వస్తాది."

బుధవారం అనేసరికి లక్ష్మీనరసింహంగారు మిగిలిన పులిహోర ఎంతుందో గిన్నె మూత తీసి చూశారు.

వరహాలక్ష్మి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ముందుకొచ్చింది. "సాయిరాం, నేను తీస్తాను."

"నువ్వా? ఊళ్ళో తారురోడ్డు మీద వెనక్కి తిరిగిన మనిషివి, ఇక్కడ తీస్తావా?"

"తీస్తే తాళం నాకిచ్చేయాలి. మళ్ళీ అడక్కూడదు."

సాయిరాం చుట్టూ చూశాడు. వనభోజనాలకు వచ్చిన ముప్పై మందీ ఆకులు పారేసి వచ్చి నిలబడ్డారు. ఇంతమంది ముందు కాదనలేకపోయాడు. "తియ్యి చూద్దాం. తీస్తే ఈ జన్మలో అడగను."

"సత్యారావుగారూ, చెరకాకు ఉందా, ఎండుది?"

"పాకలో మోపులు మోపులు ఉందండి."

చెరకాకు తెచ్చి ముందు చక్రాల కింద దోపించింది, ముందుకు పదడుగులు పరిపించింది. అత్తగారు దిగబోయారు. "మీరు కదలకండి అత్తయ్యా. బండిని లాగేది ముందు చక్రాలే. ముందు బరువుండాలి."

"చూశావురా, నేనుండాలట" అన్నారు నరసమ్మగారు కొడుకుతో, సర్దుకుని కూర్చుంటూ.

డ్రైవరు సీట్లో కూర్చుని వరహాలక్ష్మి మొదట స్టిక్కరు మెల్లగా వలిచింది. "స్వామీ, మీరు ఇటు రండి" అని పక్కన ఖాళీ జాగాలో అంటించింది. తరవాత ఆ బటన్ ఒక్కసారి నొక్కి వదిలింది. ఇది ట్రాక్షన్ ఒక్కదానికే. నొక్కి పట్టుకుంటే రెండూ పోతాయి, అంత అక్కర్లేదు. దీపం వెలిగింది. రెండో గేరు వేసింది. తోక మీద సెయ్యేసి, మెల్లగా, అని సత్యారావు అన్న మాట గుర్తు తెచ్చుకుని, నిద్రపోతున్న పిల్లాడి పక్కనుంచి లేచినంత మెల్లగా క్లచ్ వదిలింది.

చక్రాలు తిరిగాయి. ఇంజను ఈసారి నోరు మూయలేదు. బురద రెండు పక్కలా లేచింది. చెరకాకు కరకరమంది. ఒక్క క్షణం కారు ఎటూ తేల్చుకోనట్టు ఊగి, ముందుకు కదిలింది.

"హా! హా! అద్గదీ!" అని సత్యారావు ఎడ్లను అదిలించినట్టే కేకేశాడు.

వెనకనుంచి సాయిరాం నెట్టాడు. ఎవరూ నెట్టమనలేదు. తనూ ఒక చెయ్యి వేశాననిపించుకుందామని వచ్చాడు. కారు చటుక్కున వెళ్ళిపోయేసరికి అతను నెడుతున్నది ఏమీ మిగల్లేదు. తెల్ల పంచెతో సహా ముందుకు వెళ్ళి, మోకాళ్ళ మీద, తరవాత మోచేతుల మీద, ఆ తరవాత పూర్తిగా ఆగాడు.

వరహాలక్ష్మి వెనక్కి చూడలేదు. మధ్యలో ఆగితే మళ్ళీ దిగబడుతుందని తెలుసు. మూడు వందల గజాలూ ఒకే జోరున, ఒకే గేరులో, స్టీరింగును అటూ ఇటూ కుదపకుండా తీసుకెళ్ళి, చప్టా ఎక్కించి, తారురోడ్డు మీద ఆపింది. ఆపీ ఆపగానే బటన్ నొక్కింది. దీపం ఆరిపోయింది. పగ్గాలు మళ్ళీ చేతికొచ్చాయి. అప్పుడు హారను కొట్టింది, ఒకటి కాదు, ఏడెనిమిది. తోటలోంచి ముప్పై మంది ఈలలు వినిపించాయి. నరసమ్మగారు కిటికీ అద్దం దించి, ఎవరూ లేని రోడ్డుకు చెయ్యి ఊపారు.

తిరుగు ప్రయాణంలో సాయిరాం వెనక సీట్లో, పాత గోనెసంచుల మీద కూర్చున్నాడు. చోడవరంలో ఆటో స్టాండు మలుపు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ చినుకులు. కారు కనబడగానే టీకొట్టతను లేచి, కుర్చీలన్నీ తీసి లోపల పెట్టుకున్నాడు. వరహాలక్ష్మి ముందే జోరు తగ్గించింది. అయినా నూనె మరకల మీద వెనక చక్రం కొంచెం పక్కకు పోబోయింది. దీపం రెండుసార్లు మినుకుమంది. ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు కారు సర్దుకుని, తిన్నగా వెళ్ళిపోయింది. టీకొట్టతను ఒక కుర్చీ మళ్ళీ బయట వేశాడు.

"మరి దసరా నాడు ఎందుకు తిరిగిపోయిందొదినా?" అన్నాడు సాయిరాం వెనకనుంచి.

"ఆ రోజు బటన్ ఆఫ్ అయి ఉంది."

"ఎవరు చేసేరు?"

వరహాలక్ష్మి రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. "ఎక్కుతూ దిగుతూ ఎంతమందున్నాం! ఎవరి చెయ్యి తగిలిందో!"

పక్క సీట్లో నరసమ్మగారు తన బొటనవేలు వైపు చూసుకున్నారు. ఆ తరవాత ఆ చెయ్యి నెమ్మదిగా చెంగులో దాచుకున్నారు. ఇల్లు వచ్చేదాకా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అది ఆ ఇంట్లో ఎవరూ ఎరగని వింత.

మళ్ళీ దసరా వచ్చింది. అప్పటికి వరహాలక్ష్మి ఆ కారును కె.కోటపాడు, వడ్డాది, రోలుగుంట అన్నీ తిప్పింది. కారు పుస్తకం అట్ట రెండోసారి మార్చింది. బురదలో ఇరుక్కున్నవాళ్ళు ఆవిడకు ఫోన్లు చేస్తున్నారు, అందులో రెండు సాయిరాం చేసినవి. ఆటోవాళ్ళు గుమ్మడికాయలు ఈసారి కాలవ పక్కన కొట్టారు. తాళాన్ని పళ్ళెంలో పువ్వుల మధ్య పెట్టి, పూజయ్యాక, నరసమ్మగారే తీసి కోడలి చేతిలో పెట్టారు.

తరవాత పసుపు గిన్నె పట్టుకుని కారులో కూర్చున్నారు. స్టీరింగుకు పెట్టారు, గేరుకు పెట్టారు, హారనుకు పెట్టారు, అది మోగింది. వంకర గీతల బటన్ దగ్గరికి బొటనవేలు వెళ్ళేసరికి వరహాలక్ష్మి చెయ్యి అడ్డం వచ్చింది.

"ఏటే ఇది? అన్నిటికీ పెట్టి ఆ ఒక్కదాన్నీ వదిలీమంటావు, దానికి చిన్నతనం కాదటే?" అన్నారు నరసమ్మగారు.

"అది మనల్ని కాసే బటన్ అత్తయ్యా, దానికి దూరం నుంచి దణ్ణం పెడితే చాలు" అంది వరహాలక్ష్మి.